మెట్టు, పిల్లి, నీలం గోడ

"ముఫద్దల్, మా మొహాన ఉన్నవి కళ్లా, కుట్టించుకున్న బొత్తాలా?"

అడిగింది లల్లా రహ్మా. రొట్టెపిండి పలక నెత్తిన పెట్టుకుని సందు మలుపు తిరుగుతోందావిడ. అటునుంచి వస్తున్న ముఫద్దల్ అప్పుడే వెనకే ఉన్న మా ఇద్దరు స్నేహితులకీ వినపడేలా, "లల్లా రహ్మా వస్తోంది. నెత్తిన పలక. పసుప్పచ్చ గుడ్డ. కోపంగా ఉంది," అన్నాడు.

పెద్దావిడ ప్రశ్న అడిగితే జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు. ముఫద్దల్ ఆగి, ఆవిడ మొహం పరీక్షగా చూశాడు. "కళ్లే లల్లా. ఎడమ కంటికి సుర్మా కాస్త ఎక్కువైంది."

ముఫద్దల్‌కున్న జబ్బు ఇదొక్కటే. కంటికి కనిపించింది నోటితో చెప్పేస్తాడు. అభిప్రాయం చెప్పడు, సలహా ఇవ్వడు, నీతి అసలే బోధించడు. "మెట్టు" అంటాడు. అక్కడ మెట్టే ఉంటుంది. "పిల్లి" అంటాడు. మా షెఫ్‌షావెన్‌లో పిల్లి లేని మెట్టుండదు. "నీలం గోడ" అంటాడు. ఊరు మొత్తం సున్నంలో నీలిమందు కలిపి పూసుకుని కొండవాలున కూర్చుంది. ఇక్కడ గోడ నీలంగా ఉందని చెప్పడం, చెరువులో దిగినవాడికి తడుస్తున్నావని చెప్పడం లాంటిది.

పోయినవాళ్లందరూ పుణ్యాత్ములే అన్నట్టు రాసే రాతలంటే నాకు చిరాకు. అదృష్టవశాత్తూ ముఫద్దల్ బతికే ఉన్నాడు. మగ్గం మీద ఉన్ని దుప్పట్లు నేస్తాడు. యాభై దాటాక కొందరికి కీళ్లనొప్పులు వస్తాయి, అతనికి ఇది వచ్చింది. అంతకుముందు అతని నోట్లోంచి మాట రావాలంటే పంటి డాక్టరు కావాలనేవారు.

ప్రతి శుక్రవారం కుస్‌కుస్ తిన్నాక మేం ముగ్గురం ఊరు చూడ్డానికి బయల్దేరతాం. ముగ్గురమంటే ముఫద్దల్, రొట్టెల బట్టీ నడిపే తుహామీ, హైస్కూల్లో చరిత్ర చెప్పే నేను. ముగ్గురం పుట్టింది ఇక్కడే. అయినా వారానికోసారి, ఎవరో కొత్తగా కట్టి పెట్టిపోయినట్టు, ఊరంతా తిరిగి చూస్తాం. కోట ముందు మైదానం దగ్గర మొదలుపెట్టి, సందులన్నీ ఎక్కి, రాస్ ఎల్ మా ఊట దగ్గర నీళ్లు తాగి, అవతలి గుట్ట మీది పాత మసీదు దాకా వెళ్లి, ఊరంతా ఒక్క చూపులో చూసి దిగుతాం. ముఫద్దల్ ముందు. అతని పొడుగు అంగీ జెల్లాబాకి ఉన్న తలముసుగు వెనకనుంచి పట్టుకుని తుహామీ. చివర నేను.

"ఆ ముసుగెందుకయ్యా పట్టుకుంటావు, మేకను తోలినట్టు?" అని అడిగాను ఓసారి.

"వదిలితే ఈ వెధవ గోడలు చూసుకుంటూ పోయి పడతాడు ఉస్తాద్," అన్నాడు తుహామీ.

"మెట్టు," అన్నాడు ముఫద్దల్. "ఇంకో మెట్టు. నారింజ తొక్క. నీలం తలుపు."

"నోర్ముయ్యరా, నాకు తెలుసు!"

ఇది వాళ్లిద్దరి మంత్రం. వాడు చెప్పడం, వీడు కసరడం. కొండ దిగేలోపు పేటలోని ఆడవాళ్లందరూ కిటికీలు మూసేవారు.

ఓ శుక్రవారం ఇద్దరు విదేశీయులు మా వెనకపడ్డారు. మొగుడూ పెళ్లాలు. ముఫద్దల్‌ని గైడు అనుకున్నారు. ఏ భాషలో చెబుతున్నాడో వాళ్లకు తెలియదు గాని, ఏం చెబుతున్నాడో పూర్తిగా తెలుస్తోంది. అతను గోడ చూపించి ఒక మాట అంటాడు, అక్కడ గోడ ఉంటుంది. మసీదు దగ్గర విడిపోతూ ఆ పెద్దమనిషి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని, ఈ దేశంలో అబద్ధం చెప్పని గైడు ఇతనొక్కడే అన్నాడు. కాస్త ఫ్రెంచి వచ్చిన నేను ఆ మాట తర్జుమా చేశాను.

"ఆయన టోపీకి చిల్లుంది," అన్నాడు ముఫద్దల్. అది తర్జుమా చెయ్యలేదు.

ఈ అలవాటు వల్ల నష్టపోయిన పెద్దవాళ్లున్నారు. మా పేట ముఖద్దమ్ సర్కారు తరఫున పేటలో ఎవరేం చేస్తున్నారో కనిపెట్టుకుని ఉండే మనిషి. సిగరెట్లు మానేశానని భార్యకు మాటిచ్చాడు. ఓరోజు భార్యను పక్కన పెట్టుకుని ఎదురొస్తున్నాడు. "ముఖద్దమ్ గారు," అన్నాడు ముఫద్దల్. "పక్కన వాళ్లావిడ. ఆయన ఎడం చేతిలో సిగరెట్టు. ఇప్పుడు లేదు. చొక్కా చేతిలోంచి పొగ వస్తోంది." ఆ తర్వాత కొన్నాళ్లు ముఖద్దమ్ మమ్మల్ని చూస్తే పక్కసందులోకి తిరిగేవాడు. కనిపెట్టే ఉద్యోగంలో ఉన్నవాడికి అంతకంటే అవమానం ఏముంటుంది?

తుహామీ కూతురికి సంబంధం వస్తే, అబ్బాయిని చూడ్డానికి తుహామీ తనతోపాటు ఇతన్నే తీసుకెళ్లాడు. వద్దని ఊరంతా చెప్పింది. పెద్దలు టీ ముందు కూర్చున్నారో లేదో మొదలుపెట్టాడు. "అబ్బాయి పొడుగు. చూపు కిందికి. మేజోడుకి చిల్లు, బొటనవేలు బయటికొచ్చింది. అబ్బాయి తండ్రి మూడో బాదం బిళ్ల తీసుకున్నాడు." సంబంధం చెడిందనే అందరూ అనుకున్నారు. లోపలి గదిలో ఆడపిల్ల పగలబడి నవ్వింది. బయట అబ్బాయికీ నవ్వాగలేదు. పెళ్లయిపోయింది. ఇప్పుడా అల్లుడు మేజోళ్లే వేసుకోడు.

ఇంత వాగే మనిషితో కాపురం ఎలా చేస్తున్నావని అతని భార్య షామాను అడిగారు అమ్మలక్కలు.

"వాగడమా? ఎవరు, మా ఇంటాయనా?" అంది షామా. "పోయిన పండక్కి జుట్టంతా ఎర్రగా గోరింటాకు పెట్టుకున్నా. ఇప్పటిదాకా ఒక్క మాట అన్లేదు. కళ్లున్నాయో లేవో అని నాకే అనుమానం."

పొద్దున్నపూట అతని మకాం తుహామీ బట్టీ దగ్గర. మగ్గం ఉన్న కొట్టుకీ బట్టీకీ మధ్య గోడ ఒక్కటే. ఇల్లిల్లూ పిండి పిసికి, పలక మీద పెట్టి, గుడ్డ కప్పి పంపుతుంది. పలక మీద పేరుండదు, చీటీ ఉండదు. ఏ గుడ్డ ఎవరిదో, ఏ గాటు ఎవరిదో బట్టీవాడు కంటితో చూసి గుర్తుపెట్టుకోవాలి. కాలాక ఎవరి రొట్టె వాళ్లకివ్వాలి. రొట్టె తారుమారైతే మా ఊళ్లో అది చిన్న విషయం కాదు. ఒకింటి చెయ్యి ఇంకో ఇంటి నోట్లో పడ్డట్టు లెక్క. తుహామీ ఎన్నడూ తప్పలేదు. తప్పితే ఏమవుతుందో పేటకంతా తెలుసు. ఆ బట్టీ స్థలం హాజ్ అయ్యాషీది. చుట్టుపక్కల పాత కొంపలన్నీ నీలం పూసి, గుమ్మంలో మూడు పూలకుండీలు పెట్టి, విదేశీయులకు గదులుగా అద్దెకిస్తున్నారు. హాజ్ కూడా అదే ఆశతో ఉన్నాడు. బట్టీ తీసేస్తే పేట ఆడవాళ్లు ఊరుకోరు. వాళ్లే బట్టీ మీద ఫిర్యాదు చేస్తే? ఆ ఒక్క ఫిర్యాదు కోసం హాజ్ కాచుకుని కూర్చున్నాడు.

అలాంటి చోట, పొయ్యి పక్కన ఎత్తుపీట మీద కూర్చుని ముఫద్దల్ మొదలుపెట్టేవాడు. "లల్లా రహ్మా పలక. పసుప్పచ్చ గుడ్డ. సోంపు, నువ్వులు. మధ్యలో ఫోర్కు గుచ్చులు. ఇది ఫుతూమ్ వాళ్లది. ఎర్రగళ్లు. అంచుకి నొక్కులు."

"నోర్ముయ్యరా, నాకు తెలుసు!" అంటూ తుహామీ పొడవాటి చెక్క తెడ్డు పొయ్యిలోకి తోసేవాడు.

"ఇతనికి పనిలేదు, నీకు చెవులు లేవు," అనేది లల్లా రహ్మా. "వీణ్ణి ఒక్కరోజు ఇంట్లో కట్టెయ్యి తుహామీ, పేటకి పుణ్యముంటుంది."

ఆ పుణ్యం చలికాలం చివర్లో దక్కింది. చెమటతో కొండెక్కి ఊట దగ్గర మంచులాంటి నీళ్లు కడుపునిండా తాగాడు ముఫద్దల్. మర్నాటికి జ్వరం. గొంతు పూర్తిగా పోయింది. షామా తలుపు గడియపెట్టి, వాము తేనె కాచి పోస్తూ మంచంలో పడుకోబెట్టింది. పేట పండగ చేసుకుంది. మూసిన కిటికీలు తెరుచుకున్నాయి. ముఖద్దమ్ నడిసందులో నిలబడి సిగరెట్టు కాల్చాడు.

ఆ మధ్యాహ్నమే బట్టీ ముందు కేకలు.

నేను వెళ్లేసరికి ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. ఫుతూమ్ చేతిలో ఎవరివో మైదా రొట్టెలు. ఓ కొత్తకోడలు తన రొట్టెలు కనపడక, అత్తకేం చెప్పాలో తెలియక ఏడుపు మొహం పెట్టింది. లల్లా రహ్మా పసుప్పచ్చ గుడ్డ ఎత్తి చూపిస్తోంది. లోపల ఉప్పులేని బార్లీ రొట్టెలు. పేటలో ఉప్పులేని బార్లీ తినేది రక్తపోటున్న హాజ్ అయ్యాషీ ఒక్కడే.

"ఏమిటయ్యా ఇది తుహామీ? తాగొచ్చావా?"

తుహామీ పలకలు సర్దుతూనే ఉన్నాడు. "ఇస్తున్నా లల్లా, ఇస్తున్నా. ఒక్క నిమిషం." వేళ్లతో గుడ్డల అంచులు తడుముతున్నాడు.

కబురు ఎవరు చేరవేశారో గాని, హాజ్ అయ్యాషీ కొలత టేపు పట్టుకున్న మేస్త్రీతో సహా వచ్చేశాడు. "ఏమిటి గొడవ? రొట్టెలు తారుమారయ్యాయట. చెప్పండమ్మా, ఎవరికైనా ఫిర్యాదు ఉంటే ఇప్పుడే చెప్పండి. సాక్షులున్నారు," అన్నాడు. మేస్త్రీ అప్పుడే గుమ్మం వెడల్పు కొలుస్తున్నాడు.

లల్లా రహ్మా నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు గుంపును తోసుకుంటూ ముఫద్దల్ వచ్చాడు. మెడకు మూడు చుట్లు ఉన్ని గుడ్డ, కాళ్లకు చెప్పుల్లేవు. వెనకాల వాము నీళ్ల గిన్నెతో షామా. అతను తిన్నగా తుహామీ పక్కకెళ్లి నిలబడి నోరు తెరిచాడు. కొలిమితిత్తిలోంచి వచ్చినట్టు గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు. మళ్లీ గాలే.

తుహామీ చెవి అతని నోటి దగ్గర పెట్టాడు. పెట్టి, పేటంతా వినేలా అరిచాడు.

"చెప్పరా! గట్టిగా చెప్పరా, నాకు తెలియట్లేదు!"

పొయ్యిలో కట్టెలు చిటపటలాడుతున్నాయి. తుహామీ ఒక పలక ఎత్తి, "ఇదిగో లల్లా రహ్మా, నీ రొట్టె," అంటూ గోడకానించిన పిండిబస్తాకు అందించాడు.

లల్లా రహ్మా బస్తాను చూసింది. తుహామీ కళ్లను చూసింది. రెండు కళ్లలోనూ పాలమీగడలాంటి పొర. ఇన్నాళ్లూ ఆ మొహాన్ని మసి, పొగ, చెమటతోనే చూశాం. కళ్లను వేరుగా చూసినవాళ్లు లేరు. ఆవిడ తెరిచిన నోరు మూసి, గొంతు సవరించుకుంది.

"నేను లల్లా రహ్మాని," అంది. "నీకు ఎడంపక్క ఉన్నాను. పసుప్పచ్చ గుడ్డ నా చేతిలో ఉంది. కోపంగా లేను."

ఫుతూమ్ అందుకుంది. "ఫుతూమ్‌ని. ఎర్రగళ్లది నీ కుడిచేతి కింద. దాని వెనకది ఈ కొత్తకోడలిది, తెల్ల గుడ్డ, నీలం అంచు." కొత్తకోడలు ఎందుకో తనూ చెయ్యెత్తి, "నేనే," అంది.

"అంటే మీకు ఫిర్యాదు లేదా?" అన్నాడు హాజ్. "తప్పు రొట్టెలు ఇచ్చాడు కదా?"

"మేం మార్చుకున్నాం. మా రొట్టెలు, మా ఇష్టం," అంది లల్లా రహ్మా. "అది సరే గాని హాజ్, పొద్దున నువ్వేం రొట్టె తిన్నావు?"

"మా ఇంటి రొట్టె."

"సోంపు, నువ్వులు వేసి ఉందా?"

హాజ్ మొహం వెలిగింది. "ఉంది. ఉప్పు కూడా సరిపోయింది. ఇన్నేళ్లకి మా ఆవిడ చెయ్యి కుదిరిందనుకున్నా!"

"అది నా చెయ్యి," అంది లల్లా రహ్మా. "ఇప్పుడన్న మాట మీ ఆవిడకి నేను చెప్పనా, నువ్వే చెప్పుకుంటావా?"

హాజ్ కాసేపు బట్టీ పైకప్పు చూశాడు. తర్వాత మేస్త్రీని చూశాడు. "టేపు చుట్టు," అన్నాడు.

ముఫద్దల్ నోరు తెరిచి గాలి వదిలాడు. ఏమన్నాడో పెదాలు చూసి షామా చెప్పింది. "హాజ్ గారు వెళ్లిపోతున్నారు."

తెతువాన్ ఆస్పత్రిలో కంటి ఆపరేషన్‌కి తుహామీ వంతు ఎప్పుడో రాసి ఉందట. అందాకా బట్టీ నిలబెట్టాలని ఇద్దరూ ఈ నాటకం పెట్టుకున్నారు. పండగ వెళ్లాక ఆ వంతు వచ్చింది. ఈలోపు పేట మొత్తానికి ముఫద్దల్ జబ్బు అంటుకుంది. తుహామీ వీధిలో కాలు పెడితే చాలు, కిటికీల్లోంచి ఆడవాళ్లు, "మెట్టు! గాడిద! తడి బట్టలు, తల వంచు!" అని అరిచేవారు. ముఖద్దమ్ తనంతట తనే, "నేను ముఖద్దమ్‌ని, సిగరెట్టు ఉంది," అనేవాడు. ఇదేదో వసంతోత్సవం అనుకుని విదేశీయులు ఫొటోలు తీసుకున్నారు.

కట్లు విప్పిన రోజు మేమిద్దరం పక్కనే ఉన్నాం. తుహామీ ముఫద్దల్‌ని చాలాసేపు చూశాడు.

"ఇంత ముసలాడివి ఎప్పుడయ్యావురా?"

"నీ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి," అన్నాడు ముఫద్దల్.

"నోర్ముయ్యరా, నాకు తెలుసు."

ఇప్పుడు శుక్రవారాలు తుహామీ ముందు నడుస్తున్నాడు. ప్రతి తలుపు దగ్గరా ఆగి, "ఇదెప్పుడు పూశారు? ఈ నీలం చూడండిరా! ఆ పిల్లిని చూడండి!" అని మా ప్రాణాలు తోడేస్తున్నాడు. ముఫద్దల్ మళ్లీ మునుపటి ముఫద్దల్ అయిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు, మాట్లాడడు. మొన్న మాత్రం షామా జుట్టు చూసి, "ఎర్రగా ఉంది," అన్నాడట. ఆవిడ ఆ మాట వీధంతా చెప్పుకుంది.

హాజ్ అయ్యాషీ ఆ రోజు తిన్న రొట్టెల తాలూకు ఇరవై దిర్హంలు లల్లా రహ్మాకి ఇంకా ఇవ్వలేదు.