పోలమ్మ గుడికి రాసుకున్న రాజ్యాంగం

ఛబ్బీస్ జనవరికి మా అమ్మాయి బడిలో రాజ్యాంగ ప్రవేశిక అప్పజెప్పాలట. వారం నుంచి ఇంట్లో "హమ్, భారత్ కే లోగ్" తప్ప మరో మాట లేదు. ఈ సాయంత్రం మధ్యలో ఆగి, "మమ్మీ, ఇది రాసేటప్పుడు వాళ్ళలో లడాయి అయిందా?" అని అడిగింది. చాలా అయిందన్నాను. "ఫిర్ ఎవరు గెలిచారు?" అంది. ఎవరూ గెలవలేదు, తలా కొంచెం వదులుకుని సర్దుకున్నారు అన్నాను. అన్న తర్వాత నోరు చేదయింది. ఆ మాట నాది కాదు, మా తాతయ్యది. పిల్ల నిద్రపోయింది గానీ నాకు నిద్ర రావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తాతయ్య బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. దేశానికి రాజ్యాంగం రాసిన పెద్దల గురించి చెప్పడం మొదలుపెడితే, తనే వాళ్ళకి మంచినీళ్ళు అందించినట్టు చెప్పేవాడు. ఒక్కో మాట కోసం ఎలా వాదించుకున్నారో, భాష దగ్గర ఎలా బిగుసుకున్నారో, చివరికి ఎలా చేతులు కలిపారో చేతులు తిప్పుతూ వర్ణించేవాడు. కాబట్టి మా కాలనీ తెలుగువాళ్ళు పోలమ్మ గుడికి నియమాలు రాసుకోవాలనుకున్నప్పుడు, దాన్ని నియమావళి అననివ్వలేదు. రాజ్యాంగం అన్నాడు. రాసే కమిటీకి అధ్యక్షుడూ ఆయనే అయ్యాడు.

అసలు ఆ గుడి పుట్టింది మా చిన్నమ్మమ్మ వల్ల. అంటే అమ్మమ్మ చెల్లెలు. శ్రీకాకుళం నుంచి కొత్త పెళ్ళికూతురుగా ఆమె వచ్చిన వేసవిలో క్వార్టర్లలో పిల్లలందరికీ అమ్మవారు పోసిందట. రైలింజన్ల షెడ్ వెనక వేపచెట్టు కింద ఒక రాయికి పసుపు పూసి, మట్టి ఘటం నెత్తిన పెట్టుకుని మొదటిసారి నడిచింది ఆమే. పిల్లలు తేరుకున్నారు, రాయి గుడి అయింది, ఏటేటా ఘటం ఆమెదే అయింది. షెడ్‌లో ఫిట్టరుగా ఉన్న భర్త డ్యూటీలో పోయాక ఆమె మా తాతయ్య ఇంటికి వచ్చేసింది. అప్పుడూ ఘటం ఆమె నెత్తినే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి అప్పటికి రాజ్యాంగం లేదు.

మీటింగులు మా వరండాలోనే, ఆదివారాలు. నేను గుమ్మం దగ్గర బొమ్మలాడుకుంటూ వినేదాన్ని. ఒకవైపు షెడ్‌వాళ్ళు, ఒకవైపు ఆఫీసువాళ్ళు. గుడి పెద్దదయింది కాబట్టి ఘటం ఇకమీద ఎవరి ఆడవాళ్ళు ఎత్తాలన్నదే తగువు. "ఇంజిను ముందు నడుస్తాది బావూ, పెట్టెలు ఎనకాల వస్తాయి," అన్నాడు ఒక డ్రైవరు. "సిగ్నలివ్వకపోతే నీ ఇంజిను ఆడే ఉంటాది," అన్నాడు ఒక గుమస్తా. ఆ జోకుకి నవ్వుకోవడానికే ఒక ఆదివారం పోయింది. చివరికి తాతయ్య రాజీ కుదిర్చాడు. రెండు ఘటాలు, రెండు పక్షాలవీ, పక్కపక్కనే నడవాలి. గుడి గేటులో ఇద్దరు పట్టరు కాబట్టి ఒక స్తంభం కొట్టేయాలి. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఎవరో, "మరి ఆవిడినేటి సేద్దాం?" అన్నారు. చిన్నమ్మమ్మ టీ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. షెడ్‌వాళ్ళు, ఆమె హెడ్ క్లర్కు ఇంట్లో ఉంటుంది కాబట్టి ఆఫీసు పక్షం అన్నారు. ఆఫీసువాళ్ళు, ఆమె మొగుడు ఫిట్టరు కాబట్టి షెడ్ పక్షం అన్నారు. అన్ని వారాల్లో రెండు పక్షాలూ వాదన లేకుండా ఒప్పుకున్నది ఆ తర్వాతి వాక్యం ఒక్కటే: ఘటం ఎత్తే స్త్రీ, భర్త రైల్వే సర్వీసులో ఉన్న ముత్తైదువ అయి ఉండాలి. పేరు రాస్తే మర్యాదగా ఉండదని తాతయ్యే అన్నాడు. ఆమె అందరికీ టీ ఇచ్చి కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం తాతయ్య అన్నం తింటూ, పెద్ద పని జరగాలంటే తలా కొంచెం వదులుకోవాలని, దేశంలోనూ అలాగే జరిగిందని ఆమెకి వివరించాడు. ఆమె వడ్డిస్తూ అంతా విని, "నువ్వేటి వొదులుకున్నావు బావా?" అంది.

తాతయ్య కంచంలోకి చూసి, "మజ్జిగ పొయ్యి," అన్నాడు. పోసింది.

అయినా పండగనాడు ఆమె తన ఘటానికి సున్నం పూసి, పసుపు బొట్లు పెట్టి, వేపాకు కట్టి తెచ్చింది. వెడల్పు చేసిన గేటు దగ్గర తాతయ్యే చెయ్యి అడ్డం పెట్టాడు. "రూలు రూలే కదా మరదలా," అన్నాడు నవ్వుతూ. ఆమె ఘటం దించి ఇటూ అటూ చూసింది. చేతులు ఖాళీ అయ్యాక ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. ప్రసాదం వండే పని ఎవరిదో రాజ్యాంగంలో రాయలేదు కాబట్టి అది మాత్రం ఆమెకే మిగిలింది. వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. పులిహోర బాగా కుదిరిందని రెండు పక్షాలూ మెచ్చుకున్నాయి. మర్నాడు ఆ ఘటంలో మా అమ్మమ్మ ఉప్పు పోసింది. చిన్నమ్మమ్మ తను బతికి ఉన్నంతకాలం ఆ ఉప్పే తీసి కూరల్లో వేసింది.

ఇప్పుడు షెడ్‌వాళ్ళు రిటైరై ఊళ్ళకి వెళ్ళిపోయారు, ఆఫీసువాళ్ళ పిల్లలు తలో నగరంలో ఉన్నారు. మా ఆయన ఉద్యోగం రైల్వేలో కాదు, సీపత్ కరెంటు ప్లాంటులో, కాబట్టి నాకూ అర్హత లేదు. నియమం మార్చాలంటే రెండు పక్షాలూ ఒప్పుకోవాలని కూడా తాతయ్య రాశాడు. ఒప్పుకోవడానికి రెండో పక్షమే లేదు. పోయిన వేసవిలో ఎత్తే మనిషి దొరక్క రెండు ఘటాలూ ఈ-రిక్షాలో వెళ్ళాయి, పక్కపక్కనే. వెనక నడుస్తుంటే మా అమ్మాయి, నువ్వెందుకు ఎత్తుకోవు అని అడిగింది. ఎండగా ఉంది, గొడుగు కిందికి రా అన్నాను. రేపో ఎల్లుండో మళ్ళీ అడుగుతుంది. అప్పుడు గొడుగు సరిపోదు.

ఆ వాక్యం రాసినవాళ్ళు పోయారు. ఎవరిని ఆపడానికి రాశారో ఆమె వాళ్ళకంటే ముందే పోయింది. మా కాలనీలో అందరికీ రిటైర్మెంటు వచ్చింది, ఆ వాక్యం ఒక్కటే ఇంకా డ్యూటీలో ఉంది.