ఆఫీసరుగారి పాస్‌వర్డ్

కోపం వస్తే గురునాథరావు గొంతు పెంచడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెడతాడు. 1987లో, దుర్గ్ రోడ్డు మీద ఇనుము పోతపోసే ఆ ఫౌండ్రీ ఆఫీసులో, అద్దాలు బల్ల మీద కనిపిస్తే ఎవరూ అటు వెళ్లేవారు కాదు.

ఎలక్ట్రీషియన్‌గా చేరినవాడు. కంప్యూటరు వచ్చినప్పుడు వైర్లు బిగించి, దానితో వచ్చిన పుస్తకాలు చదువుకుని, చివరికి దాన్ని నడిపేవాడయ్యాడు. రోజూ తెల్లవారేసరికి కార్మికుల ముందురోజు హాజరు జాబితా దానంతటదే తయారయ్యేలా ఏర్పాటు చేశాడు. మనిషి లేకుండా నడవాలంటే అందులో ఒకరి పేరు, పాస్‌వర్డు ముందే పెట్టి ఉంచాలి. ఆ పనికి విడిగా ఒక పేరు పెడదామన్నాడు. హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసు పెద్ద రామమోహనరావు ఒప్పుకోలేదు. ఎవరి పేరుతో నడిస్తే ఆ పేరు మొదటి పేజీలో పెద్దక్షరాలతో అచ్చవుతుంది. ఆ పేజీ జనరల్ మేనేజరు చూస్తాడు.

"నా పేరే ఉండనీవయ్యా, నీకేటి నష్టం?"

"మీరు పాస్‌వర్డు మారిస్తే పని ఆగిపోద్దండి. మార్చేముందు నాతో అనండి."

"అంటాన్లే."

అనలేదు. ఒక గురువారం సాయంత్రం మార్చేసి ఇంటికెళ్లిపోయాడు. తెల్లవారుజామున కంప్యూటరు పాత పాస్‌వర్డుతోనే ప్రయత్నించి ఆగిపోయింది. జాబితా రాలేదు. జాబితాలో పేరు లేనివాడు గైరుహాజరు అన్నది రామమోహనరావు పెట్టిన రూలే. మిగతావాళ్లకు అది తర్వాత దిద్దుకోగల తప్పు. కొలిమి దగ్గర పనిచేసే అప్పలకొండకు కాదు. భార్య జబ్బుకు ఊరెళ్లి ఆలస్యంగా వచ్చినందుకు అతనికి అప్పటికే ఆఖరి హెచ్చరిక ఇచ్చారు. ఇంకొక్క నాగా పడితే ఉద్యోగం పోతుంది. శుక్రవారం పొద్దున్నే గేటు దగ్గర అతని కార్డు లాగేసుకున్నారు.

హెల్మెట్ చేత్తో పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. "నిన్న కొలిమి కాడే ఉన్నాను బాబూ. నానెక్కడికెళ్లినాను?"

"మెషీన్ తప్పురా," అన్నాడు రామమోహనరావు. గురునాథరావు వైపు ఒక చీటీ తోశాడు. "ఇదిగో కొత్త పాస్‌వర్డు. కొట్టేసి గొడవ ఒగ్గెయ్ భయ్యా."

అద్దాలు బల్ల మీదికి వచ్చాయి.

"మెషీన్ తప్పేటండి? నిన్న ఎవరూ రాకపోతే ఇనుము ఎవరు పోశారు? ఇది నేను కొట్టను. వచ్చే నెల మీరు మళ్లీ మారుస్తారు, ఈడి కార్డు మళ్లీ పోద్ది. పనికి వేరే పేరు పెడతాను, సంతకం చెయ్యండి."

"మరి నా పేరు?"

"పేజీ మీద అచ్చేస్తాను. అచ్చుకి పాస్‌వర్డు అక్కర్లేదు. ఈ మాట అప్పుడే చెప్పబోతే మీరు ఇన్నారు కాదు."

"బాబుగోరి పేరు గోడంత ఏసుకోండి," అన్నాడు అప్పలకొండ. "నా కార్డు ఇప్పించండి."

రామమోహనరావు సంతకం పెట్టాడు. గురునాథరావు పనికి కొత్త పేరు పెట్టి, దాని పాస్‌వర్డు కవరులో సీలు చేసి ఇనపబీరువాలో దాచాడు. పని మళ్లీ నడిపించాడు. అప్పలకొండ పేరు హాజరులో పడింది. జాబితా పట్టుకుని గురునాథరావు తానే గేటు దాకా నడిచాడు. అధికారి సంతకం కావాలన్నాడు వాచ్‌మన్.

"పెద్దక్షరాలు కనబడ్డం లేదా? ఆయన పేరే. చదువుకో."

కార్డు అప్పలకొండ చేతికొచ్చింది. దండం పెట్టబోతే గురునాథరావు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "తప్పు మాది. దండమేటి, పనికెళ్లు."

అద్దాల కోసం వెనక్కి వచ్చేసరికి రామమోహనరావు కొత్త పేజీ ముందు పెట్టుకుని తన పేరు చూసుకుంటున్నాడు.

"అక్షరాలు కొంచెం చిన్నవైనట్టున్నాయయ్యా," అన్నాడు.

గురునాథరావు అద్దాలు చేతిలోకి తీసుకున్నాడు. పెట్టుకోలేదు.