వరుసగా గెలిచేవాళ్లంటే నాకు కడుపుమంట

పోయిన ఫిబ్రవరిలో ఒక సోమవారం, రాత్రి షిఫ్టు దిగి, మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో మా కోల్డ్ స్టోరేజీ ఎదుట ఉన్న రోటీ కొట్టులో కూర్చున్నాను. పెనం మీద పిండి చరిచే చప్పుడు మధ్య, గోడ మీది టీవీలోంచి ఒక పొడవాటి ఈల, దాని వెనకే వేలమంది ఒక్కసారిగా వేసిన కేక వినిపించాయి. తలెత్తకుండానే అమెరికన్ ఫుట్‌బాల్ అని తెలిసిపోయింది. మనం కాలితో తన్నే ఆట కాదు. తలకు టోపీలు బిగించుకుని, కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. అక్కడ ఆదివారం సాయంత్రం ఆడితే మాకు సోమవారం ఉదయం అవుతుంది. ఆ రోజు ఫైనల్. రెండేళ్లు వరుసగా గెలిచిన జట్టు మూడోసారి కూడా గెలవాలని వచ్చి, సగం ఆట కాకముందే చిత్తుగా ఓడిపోతోంది. కొట్టులో ఎవరూ పట్టించుకోవడం లేదు. నాకు మాత్రం లోలోపల సంతోషం పొంగింది. ఆ జట్టు నాకేం అపకారం చేసింది? ఏమీ లేదు. వరుసగా గెలిచేవాళ్లు పడిపోతే సంతోషించడం నాకు పాత అలవాటు. ఆ అలవాటును నాలో అందరికంటే ముందు కనిపెట్టిన మనిషి మార్తా అక్క.

మార్తా అక్క నేను మొదట పనిచేసిన కోల్డ్ స్టోరేజీలో రెండో షిఫ్టుకు సూపర్వైజరు. పొట్టి మనిషి. చలిగది కోటు ఆమెకు మోకాళ్లు దాటి వేలాడేది. తెలుక్ ఇంటాన్ దగ్గర పామాయిలు తోటలో పుట్టింది. తాతలు విశాఖపట్నం వైపు నుంచి వచ్చి రబ్బరు చెట్లు గీసినవాళ్లు. ఇంట్లో తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న అక్షరాలు ఆమెవి, గుండ్రంగా, పెద్దగా ఉండేవి. నేను కూడా ఆ తెలుక్ ఇంటాన్ వైపుదాన్నే. మాది హిందూ కుటుంబం. ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగానికి వచ్చిన మొదటి రోజు, నా పేరు సత్యవతి అని వినగానే ఆమె చేతిలో కాగితాలు కింద పెట్టి, "ఓలమ్మా, మన తెలుగుపిల్లే! ఏ తోట మీది?" అంది. ఆ ఒక్క మాటతో నేను ఆమె మనిషినైపోయాను. ఆమె కూడా నా మనిషైందని అనుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది.

ఆ ఆట ఆమెకు ఎవరూ నేర్పలేదు. మా షిఫ్టు వేళలు వారం వారం మారేవి, రాత్రి వారంలో పొద్దున్న ఏడింటికి దిగేవాళ్లం. క్యాంటీన్‌లో టీవీ రిమోటు పోయి చాలాకాలమైంది, ఆటల ఛానెల్ ఒక్కటే వచ్చేది. సోమవారాల్లో టిఫిను తింటూ చూసి చూసి, ఎవరినీ అడగకుండా, ఒక్క ఏడాదిలో నియమాలన్నీ తనంతట తానే పట్టేసింది. జట్ల పేర్లు ఆమె నోటికి తిరిగేవి కావు. చొక్కాల రంగులతో పిలిచేది. విరామంలో పాత ఆటల ముక్కలు వేసేవారు కదా, అవంటే ఆమెకు అసలు ఆటకన్నా ఇష్టం. అట్టవేసిన నోటు పుస్తకంలో, ఏళ్ల తరబడి ఎదురులేకుండా గెలిచిన జట్టుకు ఒక్కో పేజీ కేటాయించింది. పేజీ పైసగంలో వాళ్లు ఏలిన సంవత్సరాలు. కింది సగంలో ఒకే ప్రశ్న: ఎలా ఆగింది?

"ఆకుపచ్చా పసుపూ వోళ్లు ఏడేళ్లల్లో అయిదు తూర్లు గెలిచినారు," అని చదివి వినిపించేది. "మరెలాగాగింది? కోచ్ ఎల్లిపోయినాడు. అంతే. నలుపూ పసుపూ వోళ్లు ఆరేళ్లల్లో నాలుగు. ఆళ్లకి ఎవులూ ఎల్లిపోనేదు, అందరూ ఒకేపాలి ముసిలోళ్లైపోనారు. గెలవడం కాదు సత్యా, గెలిచిన మర్నాడు పన్లోకెలాగొచ్చినారో అది సూడాల."

మా షిఫ్టును ఆమె అలాగే నడిపింది. మూడు షిఫ్టుల్లో సరుకు పాడవకుండా, ఆలస్యం లేకుండా పని చేసినవాళ్లకు ఏడాదికోసారి చెక్క షీల్డు ఇచ్చేవారు. నాలుగేళ్లు వరుసగా అది మా షిఫ్టు బల్ల మీదే ఉంది. షీల్డు తెచ్చుకున్న మర్నాడు ఆమె అందరికంటే ముందు వచ్చి, చలిగది తలుపుల రబ్బరు అంచులు వేలితో తడిమి చూసేది. ఏ కంటెయినరు ఎప్పుడు రావాలో, ఏ సరుకు ముందు ఎక్కాలో లెక్క వేసే పని నాది. ఆ నాలుగు షీల్డుల్లో సగం నావేనని నా నమ్మకం. ఆమె రిటైరైతే ఆ కుర్చీ నాదే అనుకునేదాన్ని. పైకి ఎన్నడూ అనలేదు.

మూడో షీల్డు ఏడాది లీల వచ్చింది. క్లాంగ్‌లో ఫ్యాక్టరీ పనివాళ్ల కూతురు, నాకన్నా ఆరేళ్లు చిన్న. తెలుగు అర్థమయ్యేది గానీ మాట్లాడితే సగం తమిళం దొర్లేది. మార్తా అక్క ఆ పిల్లకు తెలుగు మాటలు నేర్పడం మొదలుపెట్టింది. కంటెయినరు తలుపు దగ్గర నిలబడి, "గడియ. అను. గ-డి-య," అనేది. లీల నవ్వుతూ, ఇక్కడివాళ్లు ప్రతి మాటకూ తగిలించే 'లా' కలిపి, "గడియా లా, అక్కా," అనేది. నాకు ఒళ్లు మండేది. పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతున్నందుకు నాకు నేర్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. రానందుకు ఆ పిల్లకు రోజుకో మాట దక్కుతోంది. ఆపైన క్యాంటీన్‌లో నా కుర్చీ పోయింది. పోవడమంటే ఎవరూ లాక్కోలేదు. ఒక సోమవారం నేను కాస్త ఆలస్యంగా వెళ్తే, మార్తా అక్క పక్కన లీల కూర్చుని, నోటు పుస్తకం తన ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పుతోంది. నన్ను చూసి లేవబోయింది. "కూకో, కూకో," అంది మార్తా అక్క ఆమెతో. నేను ఎదురుగా, టీవీకి వీపు పెట్టి కూర్చున్నాను.

ఆ రోజే లీల ఒక పేజీ చూపించి, ఇది తప్పు కదా అని అడిగింది. నీలం, ఎరుపు చొక్కాల జట్టు నాలుగేళ్లు వరుసగా ఫైనలుకు వచ్చి, నాలుగుసార్లూ ఓడిపోయింది. ఒక్కసారీ గెలవనివాళ్లకు ఈ పుస్తకంలో పేజీ ఎందుకు?

"మూడు తూర్లు ఓడిపోయినోడు నాలుగో ఏడు కూడా అక్కడికి రావడమంటే ఏటనుకున్నావు? నాను సూసినోళ్లలో ఆళ్లే గట్టోళ్లు," అంది మార్తా అక్క. ఆ మాట అంటూ ఆమె చూసింది నా వైపు. నన్ను మెచ్చుకుంటోందని ఇప్పుడు తోస్తుంది. అప్పుడు మాత్రం, నువ్వెప్పుడూ రెండోదానివే అని చెబుతున్నట్టు వినిపించింది. టీ సగంలో వదిలేసి లేచిపోయాను.

అయిదో ఏడాది, పగటి షిఫ్టు వారంలో జరిగింది. హుటాన్ మెలింటాంగ్ నుంచి ఒక రొయ్యల వ్యాపారి సరుకు వచ్చింది. చీనా ముసలాయన, పెద్ద వ్యాపారి కాదు. అక్కడి పడవలవాళ్ల దగ్గర కొని, గడ్డకట్టించి, ఏడాదిలో రెండు మూడు కంటెయినర్లు పంపేవాడు. కంటెయినరు ఎంత చలిలో ఉండాలో చీటీ మీద రాసి, కంటెయినర్లు నిలిపే యార్డుకు పంపాలి. ఆ చీటీ లీల తయారుచేసింది. మార్తా అక్క సంతకం చేసింది. నేను నా కాగితాల కోసం ప్రింటరు దగ్గరికి వెళ్తే, ఆ చీటీ ట్రేలో పైనే ఉంది. మైనస్ పద్దెనిమిది ఉండాల్సిన చోట ఉత్త పద్దెనిమిది ఉంది.

చేతిలోకి తీసుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా చీటీలైతే అక్క రెండుసార్లు చూసేది, ఈ పిల్ల చీటీ కాబట్టి చూడకుండా సంతకం పెట్టేసింది అని మాత్రం అనుకున్నాను. యార్డులో ఎవరో ఒకరు పట్టుకుంటారులే, ఆ పిల్లకు చిన్న చీవాటు పడుతుంది, అంతే కదా అని కూడా అనుకున్నాను. చీటీని తిరిగి ట్రేలో, అంచులు సరిచేసి పెట్టాను.

యార్డులో ఎవరూ పట్టుకోలేదు. మూడో రోజు పొద్దున్న తలుపు తీస్తే వాసన ముందు వచ్చింది. అట్టపెట్టెలు నాని కుంగిపోయాయి, నేల మీద గులాబీరంగు నీళ్లు కారుతున్నాయి. ముసలాయన బస్సులో వచ్చాడు. అరవలేదు. ఒక పెట్టె విప్పి, ఒక రొయ్యను వేళ్ల మధ్య నలిపి చూసి, ఆ చేతిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. లీల గోడకు ఆనుకుని ఏడుస్తోంది. మార్తా అక్క వెళ్లి తన చేతిరుమాలు ఆయనకు ఇచ్చింది. మలయ్‌లో, "సంతకం నాది. తప్పు నాది," అంది.

మధ్యాహ్నం నన్ను తన అద్దాల గదిలోకి పిలిచింది.

"ఆ సీటీ నువ్వు సూసినావేటి, సత్యా?"

"లేదక్కా. నాను సూడనేదు."

ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసింది. నేను ఆమె కోటు గుండీల వైపు చూశాను. "సరేలే," అంది. "ఎల్లు, పన్జూసుకో."

షీల్డు ఆ ఏడు మరో షిఫ్టుకు వెళ్లింది. మార్తా అక్క మరుసటి ఏడాది రిటైరైంది. వెళ్లేముందు తన కుర్చీకి లీల పేరు రాసిచ్చింది. అంత పెద్ద తప్పు చేసినదాని పేరు! మేనేజరే ఆశ్చర్యపోతే, "ఈ పిల్ల ఇంక జన్మలో సూడకుండా సీటీ పంపదు," అందట. ఆ నెలలోనే నేను మానేసి, అదే వీధిలో మరో కోల్డ్ స్టోరేజీలో చేరాను. రెండేళ్లకు అక్కడ సూపర్వైజరునయ్యాను. ఆ మాట చెప్పడానికి ఫోను చేస్తే, "నాకెరికే. నువ్వవుతావని ఎప్పుడో ఎరికే," అంది. ఎరికైతే నాకెందుకు ఇవ్వలేదు అని నా నాలుక చివరిదాకా వచ్చింది.

ఊరు దాటి ఊరు వెళ్లనివ్వని ఆ మహమ్మారి రోజుల్లో ఒక ఫైనల్ సోమవారం ఆమే ఫోను చేసింది. ఇరవై ఏళ్లు ఒకే జట్టుకు బంతి విసిరి, ఒకే కోచ్ కింద ఆరుసార్లు గెలిచిన ఆటగాడు, జట్టు మారిన మొదటి ఏడాదే మళ్లీ గెలిచాడు.

"సూసినావా? యేరే రంగు సొక్కా ఏసుకుని కూడా గెలిచినాడు!" ఆమె గొంతులో చిన్నపిల్ల సంబరం.

"పాత కోచ్‌కి కడుపు మండిపోతుంటాది, అక్కా."

"మండదేటి మరి? మనిషే కదా." టీవీ చప్పుడు తగ్గించింది. "మండితే మండినాదని ఎవులి కాడైనా సెప్పుకోవాల సత్యా. సెప్పుకోడానికి మనిషుండాల. ఉన్నాను కదా నాను?"

ఆ మాట కోసమే ఆమె ఫోను చేసిందని నాకు ఆ క్షణంలోనే తెలుసు. చీటీ సంగతి దాటేసి, "కుక్కర్ ఈల ఏసినాది అక్కా, మళ్లీ సేస్తాను," అని పెట్టేశాను. మళ్లీ చేసినప్పుడు వాతావరణం గురించి మాట్లాడాను.

ఏడాదిన్నర కిందట ఆమె పోయింది. తెలుక్ ఇంటాన్‌లో చర్చి చిన్నది. సగంమంది బయటే నిలబడ్డారు. లీల ముందు వరుసలో నిలబడి తెలుగులో బైబిలు వాక్యం చదివింది. ఒక్క తమిళ మాట దొర్లలేదు. చంకలో ఆ నోటు పుస్తకం ఉంది. మార్తా అక్క కూతురు ఇచ్చిందట, అమ్మ లీలకు ఇమ్మంది అని. పూడ్చిపెట్టే చోట అందరూ మట్టి వేస్తుంటే, నా కళ్లు ఆ పుస్తకం మీదే ఉన్నాయి. అంత సిగ్గుమాలినతనం నాకే భరించరానిదై, తిరిగి వచ్చేటప్పుడు లీలను కారు దగ్గర ఆపాను.

"లీలా, ఆ రొయ్యల సీటీ… నాను ముందే సూసినాను. మైనస్ లేదని సూసినాను. మళ్లీ అక్కడే పెట్టేసినాను."

లీల కళ్లు తుడుచుకుంది. కోపం రాలేదు, ఆశ్చర్యమూ కనిపించలేదు.

"తెలుసు అక్కా," అంది. "అన్నికే, ఆ రోజే తెలుసు. నువ్వు సీటీ పట్టుకుని నిలబడినది మార్తా అక్క తన గది అద్దంలోంచి సూసినాది. అది ఏ సీటీయో అప్పుడు తెలీనేదంట. నిన్ను అడగొద్దని నాకు సెప్పినాది. సత్యే వచ్చి సెప్తాది, అంతదాకా మనం కాసుకుందాము అన్నాది. ఫోన్ సేసినప్పుడల్లా అడిగేది, సెప్పినాదా, నీకు సెప్పినాదా అని."

కారులో కూర్చుని క్లాంగ్ వరకు ఏడుస్తూనే వచ్చాను. ఆమె క్షమించిందన్న ఏడుపు కొంత. చెప్పకుండా ఆమెను పంపించేశానన్న ఏడుపు చాలా. నిజం చెప్పాలంటే ఇంకొకటి కూడా ఉంది. అన్నేళ్లూ వాళ్లిద్దరూ కలిసి నాకోసం ఎదురుచూశారు. నా తప్పు కూడా వాళ్లిద్దరి మధ్య ముచ్చటైపోయింది. దానికీ కడుపు మండింది. ఇప్పటికీ మండుతుంది.

మా కోల్డ్ స్టోరేజీలో ఇప్పుడు, ఒకప్పటి నా లెక్కల పని చేసే కొత్త ప్లానరమ్మాయి ఒకతె ఉంది. మేనేజరు నోట రోజుకు పదిసార్లు ఆమె పేరే. మొన్న ఆమె రాసిన చీటీ నా బల్ల మీదుగా వెళ్తుంటే, కంటెయినరు నంబరులో రెండు అంకెలు తారుమారై కనిపించాయి. లేచి, గోదాము ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, ఆమె చేతికే ఇచ్చి చూపించాను. ఆమె నాలుక కరుచుకుని, మళ్లీ మళ్లీ థాంక్యూ చెప్పింది. నాకు మంచిపని చేసిన హాయి ఏమీ కలగలేదు. మంట ఎక్కడిది అక్కడే ఉంది. కంటెయినరు మాత్రం వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.