కందుల డ్రమ్ములో పెట్టిన ఆటలు

మా పక్కింటి సారు ఇక లేరు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పాల కోసం తలుపు తీస్తే వాళ్ళ వాకిట్లో ఎవరెవరివో చెప్పులు కనిపించాయి. పాల గిన్నెతోనే గోడ దాకా పోయాను. ప్రహరీ గోడ అవతల నుంచి ఆయన భార్య నన్ను చూసి, “నిద్రలోనే పోయారండీ” అని మాత్రం అన్నది. నేను ఊరికే భయపడే మనిషినని ఇంట్లో అందరూ నవ్వుతారు. ఫోను రెండుసార్లు మోగినా ఏమైందోనని లేచి కూర్చుంటాను. ఆ పొద్దున మాత్రం భయపడేలోపే అంతా అయిపోయింది.

మానుకోటలో ఆయన్ని గేమ్స్ సారు అనేవారు. బడిలో పాఠాలు చెప్పిన సారు కాదు. స్టేషన్ రోడ్డులో రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఆయనది. దుకాణం ముందు సగంలో ఒక టీవీ, దాని కింద చెక్క ముఖం ఉన్న ఒక డబ్బా, ఆ డబ్బాకు నల్లటి పుల్ల ఉన్న పిడి. డబ్బాలో క్యాసెట్ గుచ్చితే టీవీలో ఆట వచ్చేది. ఆయన ఆంధ్ర వైపు కృష్ణ ఒడ్డు నుంచి పెళ్ళి కాకముందే వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాట మాత్రం చివరిదాకా ఆ వైపు మాటే. మా మాటను ఒక్కనాడూ వెక్కిరించలేదు. ఒకసారి మాత్రం అడిగారు.

“జర ఆగండి అంటారు కదా అక్కగారూ, జర అంటే ఎంతసేపండీ?”

“నా జర వేరే, మీ జర వేరే సారూ. మీరు నిన్న జర ఆగుమన్నరు, నా మిక్సీ ఇంక రాలే.”

ఆ మిక్సీ కోసం కూర్చున్న మధ్యాహ్నమే నా చేతిలో ఆ పిడి పెట్టారు.

“ఈలోగా ఒక ఆట ఆడండి.”

“నాకేం ఆటలు సారూ, మనుమరాలు జూస్తే నవ్వుతది.”

“నవ్వితే ఆ అమ్మాయినీ ఓడించండి.”

మొదట ఆడింది జెర్రి ఆట. పుట్టగొడుగుల సందుల్లోంచి జెర్రి మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. మధ్యలో కొడితే రెండు ముక్కలై, రెండూ రెండు జెర్రులై వస్తాయి. “గిదేం జెర్రి సారూ, సగం సచ్చి గూడ ఉరుకుతది” అన్నాను. “మీ భయాల్లాంటిదండీ. ఒకటి పోతే రెండు” అన్నారు. నాకు కోపం రాలేదు. నన్ను అంత సరిగ్గా చూసిన మనిషి అంతకుముందు లేడు.

ఇంకొక ఆటలో ఆకాశం నుంచి బాంబులు పడుతుంటే కింద ఉన్న ఆరు ఊళ్ళను కాపాడాలి. ఆ ఊళ్ళకు పేర్లు లేకపోతే నాకు ఆడబుద్ధి కాలేదు. మేముండే మానుకోట, మా ఆడబిడ్డను ఇచ్చిన బయ్యారం, నేను పుట్టిన నర్మెట్ట, చెల్లెలి జనగామ, పెద్ద బిడ్డ ఉండే భూపాలపల్లి అని వరసగా వేలు పెట్టి చూపించాను.

“ఆరోదో?” అన్నారు.

“గది మీ ఊరు సారూ. మీ అమ్మ ఆడనే ఉన్నదంటిరి గదా.”

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. ఏ వస్తువును ముట్టుకునే ముందయినా అట్లా తుడుచుకోవడం ఆయనకు అలవాటు. తర్వాత అన్నారు: “ఈ ఆటలో గెలుపు లేదండీ. చివరికి అన్నీ పోతాయి. ఎంతసేపు కాపాడామన్నదే.”

“గెలుసుడు లేని ఆట ఎవలు జేసిన్రు సారూ?”

అప్పుడు చెప్పారు. అమెరికాలో ఒక కంపెనీ అట. రెండు గీతలు, మధ్యలో ఒక బంతి, అంతే వాళ్ళ మొదటి ఆట. వీడియో ఆటను ఇళ్ళల్లోకి తెచ్చిన మొదటివాళ్ళలో వాళ్ళూ ఉన్నారట. తర్వాత వచ్చినవాళ్ళందరూ వాళ్ళు వేసిన దారిలో నడిచినవాళ్ళే. “ఇప్పుడు ఉన్నదా?” అంటే, “పేరుంది. ఆ మనుషులు లేరు” అన్నారు. ఆ కంపెనీ క్యాసెట్లు ఆయన దగ్గర ఒక అట్టపెట్టెలో పద్నాలుగు ఉండేవి. మద్రాసులో, హైదరాబాదులో పాత సామాన్ల మధ్య వెతికి తెచ్చినవి. ఇంటి ముందు గదిని ఖాళీ చేసి, ఎవరైనా వచ్చి వాటిని ముట్టుకుని ఆడుకునేలా పెట్టాలన్నది ఆయన కోరిక. గోడలకు సున్నం కూడా వేయించారు.

అప్పుడే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఒకనాడు స్టేషన్ దగ్గర రాళ్ళు లేచాయి. ఆ రోజు నుంచి రాత్రి రెండుసార్లు లేచి వాకిలి గడియ చూసుకునేదాన్ని. కూరగాయల దగ్గర ఎవరో “ఆంధ్రోళ్ళ దుకాండ్లు” అని ఏదో అంటే సగమే విన్నాను. మిగతా సగం నేనే కల్పించుకున్నాను. మధ్యాహ్నం ఆయన దుకాణానికి పోయి చెప్పాను.

“సారూ, మీ ఆటల పెట్టె మా ఇంట్ల పెట్టుండ్రి. మీ దుకాండ్ల వద్దు, మీ ఇంట్ల గూడ వద్దు.”

“మన పిల్లలే కదండీ. నా దగ్గర ఆడి పెరిగినవాళ్ళే. నన్నేం చేస్తారు?”

“మీకు తెల్వది సారూ. నాకు నిద్ర పడ్తలేదు.”

నా నిద్ర కోసమే పెట్టె ఇచ్చారు. ఆయనకు భయం లేదు.

దాన్ని ఎక్కడ పెట్టాలో మూడు రోజులు తేల్చుకోలేకపోయాను. బీరువాలో పెడితే కనిపిస్తుంది. అటక మీద పెడితే ఎలుకలు. చివరికి కందుల డ్రమ్ములో, కందుల పైన, పాత చీర చుట్టి పెట్టాను. కందులకు పురుగు పట్టకుండా ఏటా వెల్లుల్లి వాసన వచ్చే మందు గోళీలు వేసి మూత బిగిస్తాం. ఆ ఏడూ వేశాను. మూత అంచుకు మట్టి మెత్తాను. ఇంత భద్రంగా మా పెళ్ళి నగలు కూడా ఎప్పుడూ దాచలేదు అనుకున్నాను.

బందులు, సమ్మెలు నెలల తరబడి నడిచాయి. ఆయన దుకాణం మీద ఒక్క రాయి పడలేదు. ఉద్యమం పిలగాండ్లు వచ్చి, “సారూ, ఇయ్యాల బందు, షట్టర్ జర దించుండ్రి” అని అడిగి, ఆయన ఇచ్చిన మంచినీళ్ళు తాగి పోయేవారు. ఇదంతా నా కళ్ళతోనే చూశాను. అయినా పెట్టె బయటికి తీయలేదు.

అంతా సద్దుమణిగాక తీసి, చీర విప్పి, మంచం మీద పెట్టి ఆయన్ని పిలిచాను. వాసన చూసి నవ్వారు. “వెల్లుల్లి వాసన. అక్కగారి వంటిల్లే” అన్నారు. క్యాసెట్లు తిప్పి చూశాక ఆ నవ్వు ఆగింది. అడుగున డబ్బాలో గుచ్చే వైపు ఉండే రాగి పళ్ళు నల్లబడి, అక్కడక్కడా పచ్చగా పొక్కాయి. పద్నాలుగింటిలో రెండే పలికాయి. జెర్రి రాలేదు. ఆరు ఊళ్ళూ రాలేదు.

ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. “వస్తువు తనంతట తాను చెడదండీ, ఎవరో చూసుకోకపోతేనే చెడుతుంది” అని దుకాణానికి వచ్చినవాళ్ళకు చెప్పేవారు. ఆ మాటే తన మీద వేసుకున్నారు. ఇచ్చే ముందు తడి చేత్తో తుడిచానేమో, స్పిరిట్ ఎక్కువ పెట్టానేమో, నా చేతులు మునుపటిలా లేవేమో అంటూ ఉండేవారు. సున్నం వేసిన గదిలో సైకిలు, ఖాళీ సంచులు చేరాయి. మెల్లగా టీవీలు విప్పడం మానేశారు. ఎవరైనా తెస్తే, “ఇంకొకరికి చూపించండి, నా చేతిలో చెడుతుందేమో” అనేవారు.

తర్వాత ఒక ఎండాకాలం మా చెల్లెలి కొడుకు జనగామ నుంచి వచ్చాడు. అక్కడ ధాన్యం గోదాములో కాపలా ఉంటాడు. చేతిలో కొత్త ఫోను.

“పాతది ఏమైందిరా?”

“గోళీలేసిన గోదాంల మర్సిపోయిన పెద్దమ్మా. లోపల రాగంత నల్లవడ్డది. గా గోళీల గాలి రాగిని తింటదట, మెకానిక్ చెప్పిండు.”

నేను లేచి వంటింట్లోకి పోయాను. డ్రమ్ము అక్కడే ఉంది.

ఆయన క్యాసెట్లను తిన్నది నా గోళీలేనని ఆ రోజే చెప్పాల్సింది. రేపు చెప్దామనుకున్నాను. చెబితే కోపగించుకుంటారని కాదు. కోపగించుకోరని తెలుసు, దాన్ని ఎట్లా ఓర్చుకోవాలో తెలియలేదు. తెలంగాణ వచ్చిన ఏడు ఆయనే పేపరు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు. ఆ కంపెనీ ఒకప్పుడు అమ్ముడుపోని ఆటలను ఎడారిలో పూడ్చిపెట్టిందట. ఇప్పుడు తవ్వి తీశారట.

“ముప్పై ఏళ్ళండీ అక్కగారూ. చెత్తలో, మట్టిలో. అయినా కొన్ని ఆకారం చెడకుండా వచ్చాయట. మరి నావి మీ ఇంట్లో చీరలో ఉన్నాయి. ఏం చేశానంటారు నేను?”

నా నోటి దాకా వచ్చింది. “చాయ తాగుతరా సారూ?” అన్నాను.

తాగి పోయారు. ఆ తర్వాత పదేళ్ళు ఆ గోడ అవతలే ఉన్నారు. రోజూ కనిపించేవారు. ఏ రోజుకారోజు చెప్పకపోవడానికి నాకొక కారణం దొరికేది. పండుగ పూట వద్దని, ఆయనకు దగ్గు వస్తోందని, చుట్టాలున్నారని. లేనిపోని వాటికన్నిటికీ భయపడిన దాన్ని, ఈ మనిషి తనను తాను తప్పుపట్టుకుంటూనే పోతాడేమోనని ఒక్కనాడు కూడా భయపడలేదు.

పదకొండో రోజు అయ్యాక ఆయన భార్యతో చెప్పాను. డ్రమ్ము, గోళీలు, చెల్లెలి కొడుకు మాట, అన్నీ. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, నన్ను ఓదార్చలేదు. “ఆయన అడిగిన రోజున చెప్పాల్సిందండీ” అన్నది. అవునన్నాను.

లేవబోతుంటే, “ఇంకా ఏమీ సర్దలేదు, చూద్దురుగాని రండి” అని ముందు గదిలోకి తీసుకుపోయింది. సైకిలు వెనక, కిటికీ వెలుతురు పడేచోట ఒక చిన్న బల్ల. దాని మీద జెర్రి ఆట క్యాసెట్ విప్పి ఉంది. విప్పిన మరమేకు పక్కనే మూతలో పెట్టి ఉంది. బడిపిల్లలు వాడే రబ్బరు ఒకటి అరిగి చింతగింజంత మిగిలింది. దాని చుట్టూ నల్లటి పొట్టు. రాగి పళ్ళు ఎడమ నుంచి సగం దాకా చింతపండుతో తోమిన చెంబులా మెరుస్తున్నాయి. సగం నుంచి అవతలికి అన్నీ నలుపే.