దేవుడి గదిలో జపాన్ బుద్ధులు

మొన్న చోడవరం బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో నా ముందున్న కాలేజీ అమ్మాయి ప్రాజెక్టు కాయితాలు తీయిస్తోంది. ఒకదాని మీద బొటనవేలంత బుద్ధులు, వరసలు వరసలుగా, అందరూ ఒకే పోలిక. నేను తొంగి చూడటం గమనించి, "పూర్వం జపాన్‌లో చెక్క అచ్చుతో కొట్టేవోరటండి" అంది. నాకు తెలుసమ్మా అనబోయి ఊరుకున్నాను. చెప్పడం మొదలుపెడితే నా రావికమతం ఆటో వెళ్లిపోతుంది.

మా మేనమామ ఈ ఊళ్లోనే డ్రాయింగు మాస్టారుగా చేసేవాడు. విశాఖపట్నంలో ఆయనకి ముప్ఫయ్యేళ్ల స్నేహితుడొకాయన, పాత బొమ్మలు సేకరించే మనిషి. సొంత తమ్ముణ్ణి కూడా ముట్టుకోనివ్వని అలాంటి అచ్చుకాయితాన్ని, వందల ఏళ్లనాటి అసలుదాన్ని, చూసి గీసుకోమని మావయ్యకి పది రోజులకిచ్చాడు. ఇంతలో మాడుగులలో పెళ్లి. ఇంటినిండా మనవలు. స్నానం చెయ్యకుండా అక్కడికెవరూ వెళ్లరు కదా అని మావయ్య దాన్ని దేవుడి గది గూట్లో నిలబెట్టి వెళ్లాడు. అంత తెలివైనవాడూ మధ్యలో శుక్రవారం ఉందన్న సంగతి మరిచాడు.

మాడుగుల హల్వా పొట్లంతో తిరిగొచ్చేసరికి అత్త తడి కుంకుమతో నాలుగు వరసల బుద్ధులకి బొట్లు పెట్టేసింది. పల్చటి కాయితమేమో, ఎరుపు పాకిపోయింది.

"ఏటే ఇది!"

"దేవుడి గదిలో పెట్టింది మీరే కదండీ. బొట్టు లేకుండా బోసిగా ఎలా ఉంచేస్తాను? నడుం పట్టేసి ఆపేను గానీ, మిగతావోళ్లకీ పెట్టేద్దును."

మావయ్య ఆమె మొహంలోకి చూసి, "బావుందిలే" అన్నాడు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోనాడు, సెలవుకొచ్చిన నన్ను తోడు తీసుకుని బస్సెక్కాడు.

స్నేహితుడు భూతద్దంతో కాయితమంతా చూశాడు. "ఇవి చూడ్డానికి చేసినవి కావురా. పుణ్యం కోసం ఒక్కొక్కటే అచ్చు కొట్టి విగ్రహం కడుపులో దాచేవారు. మీ ఆవిడ చేసిందీ అలాటి పనే. తప్పనలేను" అన్నాడు. భూతద్దం పక్కన పెట్టి, "కాయితం మాత్రం పోయింది" అన్నాడు. హల్వా పుచ్చుకున్నాడు, కూర్చోమనలేదు. అప్పుడు నాకు ఆయన మీద ఒళ్లు మండింది. ఇప్పుడు మండదు.

మళ్లీ ఆయన చోడవరం రాలేదు. "ఆ అన్నయ్యగారు కాఫీకి రావడం మానేసేరేటండీ?" అని అత్త అప్పుడప్పుడు అడిగేది. పేపర్లోంచి తల ఎత్తకుండా, "పనులెక్కువయ్యేయట" అనేవాడు మావయ్య. ఆమె పోయేదాకా అదే జవాబు. ఆ కాయితం వయసు వందల ఏళ్లు, వాళ్ల స్నేహం వయసు ముప్ఫయ్యేళ్లు. రెండూ ఒక్క శుక్రవారం దాటలేకపోయాయి.