తలుపు పక్కన ప్రింటరు

నాకు ఎవర్నీ నమ్మే అలవాటు లేదు. చిలకలూరిపేట దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేసిన రోజుల్లో దాన్ని జాగ్రత్త అనుకునేవాణ్ణి. టీ తెచ్చినవాడు గ్లాసు నిండా పోశాడా లేదా అని కూడా చూసేవాణ్ణి.

రైతులు తెచ్చిన మిర్చి టిక్కీలకి, అంటే బస్తాలకి, రసీదులివ్వడం మా ఆఫీసు పని. ఆ రసీదు చూపిస్తేనే సరుకు మళ్ళీ బయటికొస్తుంది, కాబట్టి అది చేతిలో పడందే రైతు గేటు దాటడు. రోజుకి వందల రసీదులు కొట్టే పెద్ద ప్రింటరు ఒకటి ఉండేది. ఆ ఏడు అది మొండికేసింది. నాలుగు కొట్టి ఐదోది నమిలేసేది. వసారాలో రైతులు "ఏందయ్యా, ఇయ్యాల పనయ్యేదేనా?" అని కేకలు.

ప్రింటరు దగ్గర పనిచేసే అమ్మాయి ప్రత్తిపాడు వైపు నుంచి బస్సులో వచ్చేది. తల్లీ తండ్రీ పత్తి తీతకీ మిరప కోతకీ పోయేవాళ్ళు. కంప్యూటర్ కోర్సు చేసి, ఆ ఇంట్లో మొదటిసారి నెలజీతం తెచ్చిన మనిషి. ఆ జీతం మీదే తమ్ముడు చదువుతున్నాడని నాకు తెలుసు. తెలిసే అనుమానించాను. ఇరికి చిరిగిన రసీదులు ఎక్కడికి పోతున్నాయి? కావాలనే ఇరికించి, పక్కకు తీసి, ఎవరికైనా దొంగ రసీదులు అందిస్తోందేమో? అసలు సీజన్ మొదట్లోనే ప్రింటర్ని లోపలి గదిలోంచి తెప్పించి, టిక్కీలు దించే తలుపు పక్కన పెట్టించాను. నా కుర్చీలోంచి ఆమె చేతులు కనపడాలని.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె మూత ఎత్తి లోపల ఏదో చేసేది. ఒకరోజు చప్పుడు చెయ్యకుండా వెళ్ళి వెనక నిలబడ్డాను. చేతిలో చిన్న బ్రష్షు.

"ఏం చేస్తున్నావమ్మా?"

ఉలిక్కిపడింది. "దుమ్ము దులుపుతున్నా సార్."

ఆ ఉలికిపాటు చాలు నాకు.

ఓనరు గారు ఆఫీసుకి ఎప్పుడో గాని వచ్చేవారు కాదు. కొత్తది కొనాలో, పాతదాన్నే బాగుచేయించాలో నన్నే తేల్చమన్నారు. విజయవాడ నుంచి వచ్చిన అమ్మకందారు మూత కూడా తియ్యకుండా "దీని పనైపోయిందండీ" అన్నాడు. వాణ్ణీ నమ్మలేదు. ఈలోగా ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చింది.

"కొత్తది అక్కర్లేదు సార్. దీన్నే మళ్ళీ లోపలి గదిలో పెట్టించండి, బాగానే తిరుగుద్ది."

కొత్తది వద్దంటోంది. నా కళ్ళెదుట కూర్చోనంటోంది. ఇంకేం రుజువు కావాలి అనుకున్నాను.

కొత్తది కొనిపించాను, ఆమెను మాన్పించాను. దొంగ అని మొహాన అనలేదు. కొత్త మెషీను తెలిసిన మనిషి కావాలన్నాను. "నేర్చుకుంటాను సార్" అంది. కాసేపు నిలబడి మళ్ళీ అదే మాట అంది. నేను ఫైల్లోంచి తలెత్తలేదు. అన్నం క్యారేజీ సంచిలో పెట్టుకుని వెళ్ళి హైవే మీద బస్సు కోసం నిలబడింది.

మర్నాడు ఆమె సొరుగు తీస్తే చిరిగిన రసీదులన్నీ చదును చేసి, నంబర్ల వరసన దారంతో కుట్టి ఉన్నాయి. ఒక్కటి తగ్గలేదు. కబురు పెడదామా అనిపించింది. తప్పు ఒప్పుకున్నట్టవుతుందని సొరుగు మూసేశాను.

నెల తిరక్కుండానే కొత్త ప్రింటరూ ఆగిపోయింది. గుంటూరు నుంచి మెకానిక్ భాయి వచ్చాడు. ఆ పూట ఓనరు గారు కూడా ఆఫీసులోనే ఉన్నారు. భాయి మూత తీసి, గట్టిగా తుమ్మి, లోపల పేరుకున్న ఎర్రటి పొడిని కాగితం మీదికి దులిపాడు.

"చూడండి, పూట కూరకి సరిపోద్ది. పాతదాన్ని చంపింది కూడా ఇదే అయుంటుంది. టిక్కీలు దించే తలుపు పక్కన ప్రింటరు పెట్టమని ఎవరు చెప్పారండీ మీకు?"

ఓనరు గారు నావైపు చూశారు. ఆ మాట నా నోట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఆ పాత ఆపరేటరమ్మాయండీ."

"మంచి పని చేశారు, మాన్పించి" అన్నారు ఓనరు గారు.

ఆ సాయంత్రమే ప్రింటర్ని లోపలి గదికి మార్పించాను. ఆమెకు మాత్రం కబురు పెట్టలేదు.