పాపాయి గారి కారుకి తాళం

మా ఎదురు ఫ్లాటు గోపాలకృష్ణమూర్తి గారికి కోపం రావడం నేను ఎన్నడూ చూడలేదు. తాడితోటలో ఆయనకి బట్టల కొట్టుంది. ఎవరైనా ఒకావిడ వచ్చి, అరల్లో చీరలన్నీ దింపించి, మడతలన్నీ విప్పించి, ఒక్కటీ కొనకుండా లేచి వెళ్లిపోతే, "మళ్లీ రండమ్మా, కొత్త సరుకు వస్తోంది" అని గుమ్మం దాకా వచ్చి మరీ సాగనంపుతారు. నేను లెక్కల మాస్టారిగా చేసి రిటైరైనవాణ్ణి. పిల్లాడు పుస్తకం మర్చిపోయి వస్తేనే నాకు ఒళ్లు మండిపోయేది. మా ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందని చాలామంది అడుగుతుంటారు. నేను అరుస్తాను, ఆయన వింటారు. అంతకంటే రహస్యమేమీ లేదు.

మా అపార్ట్‌మెంటు కట్టిన స్థలం వాళ్ల నాన్నగారిదే. రాజమండ్రిలో అందరూ చేసినట్టే పాత పెంకుటిల్లు బిల్డరుకిచ్చి, వాటాగా వచ్చిన ఫ్లాటులో ఉంటున్నారు. అమ్మా నాన్నా పోయారు. తోడబుట్టింది ఒక్క అక్కగారు. ఆవిడకి బడిలో రాయించిన పేరు వేరే ఉందట గానీ, డెబ్బైకి దగ్గరపడ్డా అందరికీ పాపాయి గారే. జంగారెడ్డిగూడెంలో జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్ల ఇంటి కోడలు. ఎవరి మీదా ఆధారపడకూడదని, యాభై దాటిన వయసులో కారు నేర్చుకున్నారు. ఇప్పటికీ స్టీరింగు ఇంకొకరి చేతికివ్వరు. ఆవిడ వచ్చారంటే ముందు హారను వినిపిస్తుంది, తర్వాత గొంతు వినిపిస్తుంది, ఆ తర్వాత మా ఇంటికి వేయించిన జీడిపప్పు డబ్బా వస్తుంది. ఆ డబ్బా కోసం నేను ఆవిడ గొంతుని సంతోషంగా భరిస్తాను.

ఇక అసలు సంగతి. మా పక్క వీధి నిండా ఆసుపత్రులే. రోగులతో వచ్చినవాళ్లు కార్లు తెచ్చి మా కింద పెట్టేసి పోయేవారు. ఈ బాధ పడలేక మా అసోసియేషను సెక్రటరీ శివరామకృష్ణ గారు పార్కింగంతా ఒక ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పారు. ఫ్లాట్ల వాళ్ల కార్లకి స్టిక్కర్లిచ్చారు. స్టిక్కరు లేని ప్రతి కారూ విజిటరే. విజిటరుకి గంటసేపు ఉచితం. గంట దాటితే చక్రానికి తాళం, పైన చార్జీ. గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషి గంటలో వెళ్లిపోతాడని ఏ మహానుభావుడు అనుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు. "వస్తామండి" అని లేచాక గుమ్మంలో నిలబడి మాట్లాడుకోవడానికే మనకి ఆ గంట చాలదు.

గోపాలకృష్ణమూర్తి గారబ్బాయి ఉదయ్‌భాస్కర్‌కి పెళ్లి కుదిరింది. ఆ ఏర్పాట్లు మాట్లాడదామని పాపాయి గారు వచ్చారు. భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం తమ్ముడి భార్య రమాదేవి గారి చేత బొట్టు పెట్టించుకుని కిందికి దిగారు. సంచులు మోస్తూ నేనూ వెనకాలే దిగాను. చూస్తే కారు ముందు చక్రానికి పచ్చటి ఇనుపతాళం వేసి ఉంది.

"ఇదేంటండి?" అన్నారావిడ.

తాళం వేసిన మనిషి గోడ మీది బోర్డు చూపించాడు. "గంట దాటిందండి. విజిటరు చార్జీ కట్టాలండి."

"విజిటరేంటి? నేను పుట్టిందే ఇక్కడయ్యా!"

"అవన్నీ మాకు తెలీదండి. రూలండి."

నేను నోరు తెరవబోయాను. అంతలోనే గోపాలకృష్ణమూర్తి గారు జేబులో చెయ్యి పెట్టి, డబ్బు తీసి అతని చేతిలో పెట్టేశారు. బజారులో గొడవెందుకనుకున్నారు, పాపం. తాళం ఊడింది. పాపాయి గారు మాత్రం కారెక్కలేదు. తమ్ముడి వంక అలా చూస్తూ నిలబడ్డారు.

"ఒరే, నేను పుట్టిన చోట కాసేపున్నందుకు నువ్వు జరిమానా కట్టావా?"

"పోనీలే అక్కా, ఎంతో కాదు కదా."

"ఎంతని అడగట్లేదురా. వాడు నన్ను బయటిదాన్నన్నాడు. నువ్వు డబ్బిచ్చి అవునన్నావు." ఆవిడ గొంతు తగ్గింది. ఆ గొంతు తగ్గడం నేను అదే మొదటిసారి వినడం. "అది తప్పని వాళ్ల చేత అనిపించు. అప్పుడొస్తాను. లేదా, పెళ్లికొడుకుని చేసేది మీరే కానిచ్చుకోండి."

కారు వెళ్లిపోయింది. మనవైపు పెళ్లికొడుకుని చేసే రోజున మేనత్త తలకి నూనె పెడితేనే మిగతావాళ్లు నలుగు పెట్టాలి. ఉదయ్‌భాస్కర్‌కి ఉన్నది ఒక్క మేనత్త. రమాదేవి గారు ఆ రాత్రి మా ఆవిడ దగ్గర కూర్చుని ఏడ్చారు. "వదిన రాకపోతే ఆ నూనెగిన్నె నేను ముట్టుకోనండి. ఎవర్నీ ముట్టుకోనివ్వను" అన్నారు.

నేను వెంటనే కాగితం తీశాను. నాకిలాంటి పనులంటే ప్రాణం. దౌర్జన్యం, దోపిడీ, కోర్టు అన్న మాటలు వరసగా పడేలా ఒక ఫిర్యాదు రాశాను. గోపాలకృష్ణమూర్తి గారు నెమ్మదిగా చదివి, "చాలా బాగుందండి మాస్టారూ. ఈ దౌర్జన్యం తీసేద్దామండి. దోపిడీ కూడా కొంచెం ఎక్కువేమోనండి" అన్నారు. ఆయన తీసేయగా మిగిలింది పెళ్లి పిలుపులా ఉంది. అదే పంపారు. విజిటరు విజిటరేనని కంపెనీ నుంచి ఫోన్లో ఒక్క ముక్క జవాబొచ్చింది. శివరామకృష్ణ గారినడిగితే, "రూలు అందరికీ ఒకటేనండి, మీకొక్కరికీ మారిస్తే ఎలాగండి?" అన్నారు. నేను ఆయనతో అరిచాను. దాని వల్ల నాకు బీపీ పెరగడం తప్ప ఇంకేమీ జరగలేదు.

అప్పుడు గోపాలకృష్ణమూర్తి గారు తనకి తెలిసిన పద్ధతి ఎత్తుకున్నారు. అరువు పట్టుకెళ్లిన వాళ్ల దగ్గరికి ఆయన ఎలా వెళ్తారో నాకు తెలుసు. మాట తూలరు. వెళ్లి కూర్చుంటారు, మంచినీళ్లు తాగుతారు, పిల్లల చదువులడుగుతారు, "రేపొస్తానండి" అని లేస్తారు. నిజంగానే మర్నాడు వస్తారు. జాంపేటలో ఆ పార్కింగు కంపెనీ ఆఫీసుంది. మేనేజరు పేరు బంగార్రాజు. కొట్టుకి వెళ్లేముందు రోజూ అక్కడికెళ్లి కూర్చోవడం మొదలెట్టారు. నేనూ ఒకటి రెండుసార్లు వెంట వెళ్లాను.

"ఏవండి, ఆ డబ్బు తిరిగిచ్చేస్తాం, పట్టుకెళ్లిపోండి" అన్నాడు బంగార్రాజు.

"డబ్బు వద్దండి. తప్పయిందని మా అక్కతో చెప్పండి, చాలండి."

"రూలు ప్రకారం చేసినదాన్ని తప్పని ఎలా చెప్తామండి?"

"అయితే రేపొస్తానండి."

పెళ్లి దగ్గరపడుతోంది. ఇంట్లో బియ్యం కొలిచారు, పందిరి మాట్లాడారు, శుభలేఖలు పంచారు. జంగారెడ్డిగూడెం శుభలేఖ మాత్రం దేవుడి గూట్లోనే ఉండిపోయింది. అటు వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. గోపాలకృష్ణమూర్తి గారు సన్నబడ్డారు. ఆయన్ని చూస్తే నాకు జాలేసేది. ఇంత మెత్తగా ఉంటే ఎవడు భయపడతాడని లోలోపల కోపం కూడా వచ్చేది.

చివరికి బంగార్రాజే విసిగిపోయాడు. "మీ పార్కింగేంటో నేనే వచ్చి చూస్తానండి. చూశాక నేను చెప్పిందే ఖాయం. ఇంక ఆఫీసుకి రాకూడదండి" అని ఒప్పందం మీద వచ్చాడు. కింద కారు పెట్టి పైకొచ్చాడు. నన్నూ పిలిచారు.

రమాదేవి గారు కాఫీ ఇచ్చారు. బంగార్రాజు తాగి లేవబోయాడు. "అయ్యో, దిబ్బరొట్టె వేశానండి, పొయ్యి మీద ఉంది. ఒక్క క్షణం" అన్నారావిడ. దిబ్బరొట్టె ఒక్క క్షణంలో అయ్యేది కాదని ఆవిడకీ తెలుసు, అతనికీ తెలుసు. మందపాటి మూకుట్లో మినప్పిండి పోసి, మూత పెట్టి, సన్నసెగ మీద వదిలేయాలి. తొందరపడితే లోపల పచ్చిగా ఉండిపోతుంది. వాసన హాల్లోకి వచ్చాక అతను మళ్లీ లేవబోలేదు. రొట్టె వచ్చింది, చెరకురసం కాచిన తేనెపానకం వచ్చింది. ఎర్రగా కాలిన ముక్క విరిచి పానకంలో ముంచి తిన్నాడు. రెండో ముక్క వద్దంటూనే పళ్లెం ముందుకి జరిపాడు. తర్వాత శుభలేఖ ఇచ్చారు. తర్వాత గుమ్మంలో నిలబడి తన మరదలి పెళ్లి సంగతులు అతనే చెప్పాడు. ఇదంతా ముందే అనుకుని చేశారా అని తర్వాత నేను రమాదేవి గారినడిగాను. "రొట్టె కాలాలి కదండీ మాస్టారూ, నేనేం చెయ్యను?" అన్నారు. నేను నమ్మాను.

అందరం కిందికి దిగాం. బంగార్రాజు కారు ముందు చక్రానికి తాళం వేసి ఉంది.

నాకు కలిగిన ఆనందం పైకి చెప్పకూడదు గానీ చెప్తున్నాను, నా కొడుకు ఉద్యోగంలో చేరినప్పుడు కూడా అంత ఆనందం కలగలేదు.

"తియ్యవయ్యా, నేను మేనేజర్ని!" అన్నాడు బంగార్రాజు.

తాళం వేసే మనిషిని వేరే కాంట్రాక్టరు పెట్టాడు. ఆఫీసు మొహం చూసినవాడు కాదు. "అందరూ ఏదో ఒకటి చెప్తారండి. గంట దాటిందండి" అన్నాడు. శివరామకృష్ణ గారు మేడ మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. పరువు పోతోందని బంగార్రాజు మొహం ఎర్రబడింది. ఎలాగో బయటపడాలని జేబులో చెయ్యి పెట్టాడు.

గోపాలకృష్ణమూర్తి గారు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"కట్టకండి!"

ఆ కేకకి నేనే ఉలిక్కిపడ్డాను. ఆయనకి అంత గొంతుందని నాకు తెలీదు, బహుశా ఆయనకీ తెలీదు.

"మా ఇంటికొచ్చిన మనిషి ఇక్కడ రూపాయి కట్టడానికి వీల్లేదండి. ఆ రోజు నేను కట్టాను. బుద్ధి లేక కట్టాను. చూడండి, ఈ స్తంభం ఉన్నచోట మా అమ్మ పురిటిగది ఉండేది. మా అక్క పుట్టింది ఇక్కడే. మొదటిసారి నడిచింది ఈ నేల మీదే. నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది ఈ గేట్లోంచే. మీరు ఆవిణ్ణి విజిటరన్నారు. నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు ఒప్పుకోను. ఏం చేస్తారో చేసుకోండి!"

బంగార్రాజు ఆ స్తంభం వంకా, తన కారు వంకా చూశాడు. "మీ అక్కగారి నంబరివ్వండి" అన్నాడు.

అక్కడే నిలబడి ఫోను చేశాడు. "అమ్మా, నమస్కారమండి. పార్కింగు కంపెనీ మేనేజర్నండి. ఆ రోజు మేం చేసింది తప్పండి. మిమ్మల్ని విజిటరనడం తప్పండి." ఆ తర్వాత చాలాసేపు అతను "ఆయ్, ఆయ్" అంటూనే ఉన్నాడు. ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా ఆవిడ తిట్లు మాకందరికీ వినిపించాయి. తిట్టడం అయ్యాక, భోంచేశావా నాయనా అని అడిగారు. దిబ్బరొట్టె తిన్నానండి అన్నాడు.

ఇంటివాళ్లు మావాళ్లని చెప్తే, ఆ వచ్చినవాళ్ల కారు జోలికి పోకూడదని శివరామకృష్ణ గారు ఆ వారంలోనే రూలు మార్పించారు. నేను అరిచినప్పుడు మారనిది అప్పుడు మారింది. దానికి నాకేమీ బాధ లేదు. కొంచెం ఉంది.

పెళ్లికొడుకుని చేసే రోజు తెల్లవారింది. రమాదేవి గారు వీధి వైపు చూసి చూసి లోపలికి వెళ్తున్నారు, మళ్లీ వస్తున్నారు. ఆ రోజు ఫోన్లో గానీ, తర్వాత శుభలేఖ అందుకున్నప్పుడు గానీ పాపాయి గారు వస్తానని అనలేదు. పురోహితుడు తొందరపెడుతున్నాడు. పీట మీద ఉదయ్‌భాస్కర్, పక్కన నూనెగిన్నె. అప్పుడు కింద హారను మోగింది. రమాదేవి గారు లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీద పరుగెత్తారు.

పాపాయి గారు పైకొచ్చి, కాళ్లు కడుక్కుని, కొంగు బిగించి మేనల్లుడి తలకి నూనె పెట్టారు. పాట అందుకున్నారు. అంతా అయ్యాక గిన్నె కింద పెట్టలేదు. గోడ పక్కన నిలబడ్డ తమ్ముణ్ణి రమ్మని, ఆయన బట్టతలకి కూడా ఇంత నూనె రాశారు. చుట్టాలు నవ్వారు.

"ఆ రోజు నువ్వు జేబులో చెయ్యి పెట్టినప్పుడు, నాకింక పుట్టిల్లు లేదనుకున్నాన్రా" అన్నారు మెల్లగా.

గోపాలకృష్ణమూర్తి గారు వంచిన తల ఎత్తలేదు.

"ఉందక్కా" అన్నారు.